నూనె తగలని చేతులు

నిన్న సాయంత్రం మా అమ్మాయి హాల్లో కూర్చుని గోళ్ళరంగు చెరుపుకుంటోంది. దూది మీద సీసా వంచగానే ఆ చల్లటి ఘాటు వాసన వంటింట్లోకి వచ్చింది. నేను పోపు వేస్తున్నాను. ఆవాలు చిటపటలాడుతుండగానే గరిటె పక్కన పెట్టి, రెండు చేతులూ కొంగుకి గట్టిగా తుడుచుకున్నాను. ఆ పని ఎందుకు చేశానో పోపు మాడిన వాసన వచ్చాక గానీ తెలియలేదు. ఆ సీసాలో ఉండేది అసిటోన్. ఒకప్పుడు దాన్ని డబ్బాలకు డబ్బాలు వాడినదాన్ని. ఆ వాసన తగిలితే చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకోవడం దయామణి మేడమ్ నేర్పిన అలవాటు. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. అలవాటు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు చెరకుతోటల మధ్య పడవలు తయారైన షెడ్డు గురించి చెప్పాలి. అనకాపల్లి నుంచి సబ్బవరం వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా ఉండేదది. సముద్రం అక్కడికి చాలా దూరం. అక్కడ ఫైబరు పడవలు చేసి లారీల మీద పంపేవాళ్ళం. బెల్లం వండే రోజుల్లో పక్క పొలంలోని పాకం వాసనా మా ఫైబరుని అతికించే రెజిన్ జిగురు వాసనా కలిసి, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే ఏది తింటున్నామో తెలిసేది కాదు. అటుగా పోయే రైతులు ఆగి, "పడవలు సరే, తోలడానికి నీళ్ళేవర్రా?" అని నవ్వేవాళ్ళు. నాది మునగపాక, మాదీ చెరకు రైతుల ఇల్లే. మెకానికల్ డిప్లొమా చేసి, రెండు వేల ఆరు ప్రాంతంలో అక్కడ ఉద్యోగంలో చేరాను.

షెడ్డు మొత్తానికి ఇన్‌చార్జి దయామణి మేడమ్. నలభై దాటిన మనిషి, పొట్టిగా ఉండేవారు. గొంతు మాత్రం గ్రైండరు హోరులో కూడా వినిపించేది. కాకినాడ వైపు పడవల కంపెనీలో చాలాకాలం పనిచేసి వచ్చారు. పేరులో ఉన్న దయ మాటలో లేదని అందరూ అనేవాళ్ళు, అదీ ఆవిడకి వినపడేలాగే. ఆవిడ నవ్వేసేవారు. మొదటి రోజు నేను తలంటుకుని, నూనె రాసి, బిగించి జడ వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూశారు.

"ఏటే గుంటా, ఉద్యోగానికొచ్చేవా, పెళ్ళిసూపులకొచ్చేవా?"

"ఉద్యోగానికేనండి."

"తలకేటి రాసేవు?"

"కొబ్బరినూనె అండి."

"ఆ జడ ముట్టుకున్న చేతులేనా ఇయ్యి?"

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆవిడ దాచుకోనివ్వలేదు. నా కుడిచేతి వేళ్ళు పట్టుకుని, గరుకుగా అరగదీసిన ఒక ఫైబరు ముక్క మీద అదిమారు. దాని మీద రెజిన్ పూసి, గాజునార పరిచి, మళ్ళీ రెజిన్ తాపి, ఆరబెట్టమన్నారు. మర్నాడు పొద్దున్న ఆ పొరని కత్తి మొనతో లేపారు. అంతటా రాయిలా పట్టుకుని ఉంది గానీ, నా వేళ్ళు పడిన చోట మాత్రం పొర అట్టలా లేచి వచ్చేసింది. ఆవిడ ఆ ముక్క నా చేతిలో పెట్టి, "నీ ఏలిముద్ర. ఇంటికట్టుకెళ్ళి మీ యమ్మకి సూపించు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అమ్మకి చూపించలేదు గానీ, ఆ రోజు నుంచీ పని ఉన్న రోజున తలకి నూనె రాయలేదు. గుడ్డ కట్టుకుని వెళ్ళేదాన్ని. పీచులా రేగిన నా జుట్టు చూసి వీధిలో వాళ్ళు అమ్మని అడిగేవారట, మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని. మేడమ్ జుట్టు కూడా అలాగే ఉండేది. ఆవిడ్ని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

చేరిన ఏడాదికి మా యజమాని ప్రసాదరావు గారు ఒక ఆర్డరు తెచ్చారు. వరదల్లో మనుషుల్ని కాపాడే పడవలు. నీళ్ళలో ఉన్న మనిషిని పడవలోకి లాగేటప్పుడు వెనక ఇంజను పంకా తిరుగుతుంటే కాళ్ళు తెగుతాయి. అందుకని వీటికి పంకా బదులు వాటర్‌జెట్ పెట్టాలి. పడవ అడుగున, వెనక వైపు, ఒక నోరు కొయ్యాలి. జెట్ ఆ నోటితో నీళ్ళు పీల్చి, వెనకగోడకి కోసిన ఇంకో కన్నం గుండా బలంగా చిమ్ముతుంది. ఆ చిమ్మే జోరుకి పడవ ముందుకు దూసుకుపోతుంది. చెప్పడానికి ఇంతే. కానీ మేము ఎంతో శ్రమపడి చుక్క నీరు లోపలికి రాకుండా తయారుచేసిన పడవకి మా చేత్తోనే అడుగున కన్నం పెట్టాలి. అంతకుముందు ఎప్పుడూ చెయ్యని పని.

ఆర్డరిచ్చిన ఆఫీసు వాళ్ళు శనివారం చూడటానికి వస్తామన్నారు. అప్పటికి జెట్ పడవలో కూర్చుని ఉండాలి. వాళ్ళకి నచ్చితే మిగతా పడవలన్నీ మావే. లేకపోతే ఆ పడవలు విశాఖలో వేరే యార్డుకి పోతాయి. షెడ్డులో అప్పటికే పని పలచబడింది. ఈ ఆర్డరు పోతే సగం మంది ఇళ్ళకి పోవాల్సిందేనని అందరికీ తెలుసు. ఆ వారమంతా ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు, టీ గ్లాసులు కడిగే చప్పుడుకి కూడా ఉలిక్కిపడేవాళ్ళం.

కొయ్యాల్సిన రోజు పొద్దున్నే సూరిబాబు ఒక చిన్న గిన్నె తెచ్చాడు. గ్రైండరు పట్టడంలో షెడ్డులో అతన్ని మించినవాడు లేడు. గిన్నెలో నూనెలో కలిపిన పసుపు ఉంది.

"కొత్త పడవకి కన్నమెడతన్నాం మేడంగోరూ. ఇంత పసుపూ బొట్టూ ఎడతానండి."

"ఒద్దు. జెట్ కూకునేవరకూ పడవ మీద పసుపు లేదు, కుంకం లేదు, కొబ్బరినీళ్ళు లేవు. నూనె తగిల్తే ఏటవుద్దో నీకు నాను సెప్పాలా?"

"కన్నం కాడ కాదండి, పక్కన..."

"పక్కన రాసింది పక్కనే ఉంటాదేటి? పది చేతులు పాకుతాయి. ఒద్దు."

సూరిబాబు గిన్నె వంక చూస్తూ, "మీది ఏరే దేవుడు కాబట్టి అలాగంటన్నారు" అన్నాడు. షెడ్డులో అందరూ విన్నారు. మేడమ్ రోజూ మెడలో చిన్న శిలువతో వచ్చేవారు, యజమాని ప్రసాదరావు గారు కూడా ఆవిడ వెళ్ళే చర్చిలోనే పెద్ద. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ క్షణంలో అదే అనుమానం కలిగింది. ఆవిడ మొహం ఎర్రబడింది. "ఏ దేవుడికైనా ఒకటే సూరిబాబూ" అని మాత్రం అని, దారపుండ పట్టుకుని పడవలోకి దిగిపోయారు.

ముక్కు నుంచి వెనకగోడ దాకా దారం లాగి, మధ్యగీత గుర్తు పెట్టాం. ఆ గీతకి జెట్ నోరు ఏమాత్రం పక్కకి వాలినా పడవ తిన్నగా పోదు. ఎడమ నుంచి నన్నూ కుడి నుంచి సూరిబాబునీ విడివిడిగా కొలవమన్నారు. కొలత ఒకరికొకరు చెప్పుకోకూడదు, ఒక్కొక్కరం వచ్చి ఆవిడ చెవిలో చెప్పాలి. మొదటిసారి రెండూ కలవలేదు. మళ్ళీ కొలిచాం, కలవలేదు. ఎవరిది తప్పో ఆవిడ చెప్పలేదు. సూరిబాబూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా దారం మొదటి నుంచి మళ్ళీ లాగాం. చివరికి కలిసినప్పుడు ఆవిడ ఊపిరి వదిలి, కోత మిషను తనే అందుకున్నారు. "పోతే నా చేత్తోనే పోవాల" అన్నారు. ఫైబరు దుమ్ములో ఏమీ కనిపించలేదు. కోసిన ముక్క కింద పడిన చప్పుడు విన్నాం. లోపల కూర్చున్న నా పాదాల మీద, పడవ అడుగు నుంచి వెలుతురు పడింది. పడవలో కింద నుంచి వెలుతురు రావడం చూసి పాదాలు వెనక్కి లాక్కున్నాను.

ఆ తరువాత రెండు కన్నాల అంచుల చుట్టూ ఫైబరుని ఏటవాలుగా అరగదీశాం. జెట్‌ని కూర్చోబెట్టాక, పాత ఫైబరూ కొత్త పొరలూ ఒకదాన్నొకటి పట్టుకునేది ఆ జానెడు పట్టీ మీదే. అంత యంత్రమూ అంత వేగమూ దాని మీదే ఆధారపడాలి. గురువారం సాయంత్రానికి ఆ పని ముగించి, ఉతికిన దుప్పటి కప్పి ఇళ్ళకి వెళ్ళాం. శుక్రవారం జెట్ కూర్చోబెట్టి పొరలు వెయ్యాలి.

శుక్రవారం పొద్దున్న దుప్పటి తీయగానే మేడమ్ తడిగుడ్డ పిండి పట్టీ మీద ఒకసారి రాశారు. శుభ్రంగా ఉంటే తడి ఒకే పొరగా పరుచుకుంటుంది. అక్కడ పరుచుకోలేదు. చాలా చోట్ల నీరు ముడుచుకుని బొట్లుబొట్లుగా నిలబడింది. ఆవిడ పక్కన రాశారు, అక్కడా అంతే. వెనకగోడ కన్నం దగ్గరికి పరిగెత్తారు, అక్కడా బొట్లే. అందరి చూపులూ సూరిబాబు వైపు తిరిగాయి.

"మా తల్లి మీద ఒట్టు, నాను ముట్టుకోలేదు" అన్నాడు సూరిబాబు. "గిన్ని ఆవేళే ఇంటికట్టుకెళిపోనాను. మీరు నమ్మినా నమ్మకపోయినా అంతే."

మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని, మొహం పట్టీకి ఆనించినంత దగ్గరగా పెట్టి వాసన చూశారు. అలా వంగినావిడ ఎంతసేపటికీ లేవలేదు. లేచేసరికి మొహంలో రక్తం లేదు. అత్తరు కలిపిన ఒలీవ నూనె అది. ప్రతి ఆదివారం తన నుదుటి మీద పెట్టే ప్రార్థన నూనె వాసన ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది!

"సూరిబాబూ, నువ్వు కాదు" అన్నారు అందరికీ వినపడేలా. "ఇది మా నూనె."

వాచ్‌మన్ అప్పుడు నసుగుతూ చెప్పాడు. నిన్న పొద్దుగూకాక ప్రసాదరావు గారు పాస్టరు గారిని తీసుకొచ్చారట. ప్రార్థన చేసి వెళ్ళారట. కబురు వెళ్ళిన కాసేపటికి ప్రసాదరావు గారే వచ్చారు. తెల్లచొక్కా, మెత్తటి మాట. ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. మేడమ్‌ని కాకినాడ నుంచి పిలిపించి షెడ్డు చేతిలో పెట్టింది ఆయనే.

"అవునమ్మా, నేనే రాశాను. మనకి ఇంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు, దేవుడి చెయ్యి పడాలని రాశాను. తప్పేముంది?"

"తప్పనట్లేదండి. ఎక్కడెక్కడ రాసేరో సూపించండి."

ఆయన వేలితో చూపించారు. అడుగు నోటి చుట్టూ నాలుగు వైపులా. తరువాత వెనకగోడ కన్నం చుట్టూ. ఆ గోడలో రెండు ఫైబరు పొరల మధ్య చెక్క ఉంటుంది. కోసినచోట ఆ చెక్క అంచు బయటపడి ఉంది. దాని మీద కూడా ఆయన వేలు వెళ్ళింది. మేడమ్ గోరుతో గీకి చూశారు.

"చెక్క తాగేసింది. ఇది తవ్వి తియ్యాలండి. తవ్వినచోట గాజునార కూరాలి, అది గట్టిపడాలి, చల్లారాలి, అప్పుడు మిగతా పొరలు. రేపటికి జెట్ కూకోదు."

"పైన తుడిచేసి కానివ్వమ్మా. రేపు వాళ్ళు వస్తున్నారు."

"పైకి పట్టినట్టే ఉంటాదండి. నీటి దెబ్బకి లేచిపోద్ది."

ప్రసాదరావు గారు మెల్లగా అన్నారు. "దయామణీ, ఇది ప్రార్థన చేసిన నూనె. దీనివల్ల కీడు జరుగుతుందంటావా? నువ్వసలు దేవుణ్ణి నమ్మినదానివేనా?"

ఆయన్ని కాదంటే ఆవిడ ఉద్యోగం మాట అటుంచండి, ఆదివారం చర్చిలో ఎవరి పక్కన కూర్చుంటారు? సూరిబాబు గ్రైండరు పట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు, కళ్ళు ఆవిడ మీద నుంచి తిప్పలేదు.

"నాకు దేవుడితో తగువు లేదండి. నూనెతోనే" అన్నారు మేడమ్. "మొన్న ఆ మనిషి పసుపెడతానంటే నలుగురి ముందూ ఒద్దన్నాను. ఇయ్యాల మనదని దీన్ని ఒగ్గేత్తే, మొన్న నేనన్నది అబద్ధమైపోద్ది."

"షెడ్డు మూసుకోవాల్సి వస్తుందమ్మా."

"మూసుకుందామండి. పడవెక్కినోళ్ళు నీళ్ళలో పోతే అప్పుడేటి మూసుకుంటాం?"

ఆయన "రేపు వాళ్ళకి నువ్వే చెప్పుకో" అని వెళ్ళిపోయారు. ఆవిడ ఆ మాట విని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. ఆవిడ భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

సూరిబాబు గ్రైండరు ఆన్ చేయబోతే ఆవిడ ఒక్క అరుపు అరిచారు. అరగదీస్తే నూనె ఇంకా లోపలికి పోతుంది, ముందు తుడవాలి. అసిటోన్ తడిపిన గుడ్డతో ఒకే వైపుకి ఒక్కసారి తుడిచి, ఆ గుడ్డ పారేసి కొత్తది అందుకోవాలి. అదే గుడ్డతో మళ్ళీ తుడిస్తే తీసిన నూనె తిరిగి పూసినట్టే. మధ్యాహ్నానికి షెడ్డులో శుభ్రమైన గుడ్డ అన్నది మిగల్లేదు. అప్పుడు సూరిబాబు భోజనం సంచిలోంచి తన తెల్ల తువ్వాలు తీసి, చింపి ముక్కలు చేసి ఆవిడ ముందు పెట్టాడు. "నిన్ననే ఉతికిందండి. నూనె లేదు" అన్నాడు. ఆవిడ ఆ ముక్కలు అందుకుని, "కొత్తది కొనిత్తాను" అన్నారు. "ఒద్దండి" అన్నాడతను. వాళ్ళిద్దరి మధ్య ఉన్న ముడి అక్కడితో వీడిపోయింది.

శనివారం జీపు దిగిన ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని పడవ కిందకి వంగి చూశారు. రెండు కన్నాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చెక్క తవ్విన చోట పచ్చి గాడి కనబడుతోంది. జెట్ పెట్టెలోనే ఉంది. ప్రసాదరావు గారు గేటు దగ్గర నిలబడ్డారు, లోపలికి రాలేదు.

"ఇంకా కూర్చోబెట్టలేదేమిటి?"

"పొర పట్టాల్సిన చోట నూనె తగిలిందండి. తవ్వి శుభ్రం చేత్తన్నాం" అన్నారు మేడమ్.

"ఎవరు తగిలించారు?"

ప్రసాదరావు గారు తల దించుకున్నారు. మాలో ఎవరం నోరు తెరిచినా తెలిసిపోయే విషయమే. సూరిబాబుని నేను చూడకుండా ఉండలేకపోయాను, అతను కూడా నేల చూస్తున్నాడు.

"షెడ్డుకి ఇన్‌చార్జిని నేనండి" అన్నారు మేడమ్. "నా షెడ్డులో తగిలింది."

ఆఫీసరు ఏదో రాసుకున్నారు. ఈ పడవ పూర్తి చెయ్యండి, మిగతావాటి సంగతి తరువాత చూద్దాం అన్నారు. ఆ తరువాత అన్నది రాలేదు. మిగతా పడవలు విశాఖ వెళ్ళిపోయాయి. మా షెడ్డు నుంచి వెళ్ళిన జెట్ పడవ అదొక్కటే.

దాన్ని పూడిమడక తీరంలో మొదటిసారి నీళ్ళలోకి దింపిన రోజు, దింపే ముందు మేడమ్ ఎర్రరంగు డబ్బా తెప్పించి పడవ ముక్కు మీద చిన్న చదరం గీశారు. "సూరిబాబూ, పసుపు తెచ్చేవా? ఇక్కడెట్టు" అన్నారు. తరువాత దూరంగా ఇసుకలో నిలబడిన ప్రసాదరావు గారిని పిలిచారు. "మీరూ రండి బాబుగారూ. మీ సీసా కూడా అట్టుకురండి." ఆయన వచ్చారు. జేబులోంచి సీసా తీసి, అదే చదరంలో, పసుపు పక్కన నూనె రాశారు. పడవ కెరటాల్ని చీల్చుకుంటూ లేచినప్పుడు, ఎక్కిన అందరం ముందుకి చూసి కేకలు వేశాం. మేడమ్ మాత్రం వెనక బోర్లా పడుకుని, జెట్ చుట్టూ వేసిన పొరల మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. ఒడ్డుకి వచ్చాక లేచి అరచెయ్యి నాకు చూపించారు. "పొడిగుంది" అన్నారు. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. ఉప్పుగాలి అన్నారు.

అనుకున్నట్టే షెడ్డులో సగం మంది వెళ్ళిపోయారు, సూరిబాబు కూడా. రెండేళ్ళు ఈడ్చి, షెడ్డు మూసేశారు. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం అడిగాను, ఆవేళ పైన తుడిచేసి పొర వేసేసి ఉంటే ఏమయ్యేది మేడమ్ అని. "షెడ్డుండేది" అన్నారు, మజ్జిగ తాగుతూ. ఇంకేదైనా అంటారేమోనని చూశాను. గ్లాసు కడుక్కోవడానికి లేచారు.

చాలా ఏళ్ళ తరువాత ఒక వానాకాలం టీవీలో వరద చూపిస్తున్నారు. మెడలోతు నీళ్ళలో ఒక ముసలావిడని పడవలోకి లాగుతున్నారు. పడవ ముక్కు మీద వెలిసిపోయిన ఎర్ర చదరం. నేను కూర్చున్నచోట నుంచి లేచి నిలబడ్డాను. అప్పటికి మేడమ్ పాయకరావుపేటలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. వెంటనే ఫోన్ చేశాను.

"మేడమ్, టీవీ చూస్తున్నారా? మన పడవ!"

"సూత్తన్నానే."

"చదరం చూశారా?"

"సదరం కాదే గుంటా, ఎనక సూడు. ఎనకోడు నీళ్ళు తోడుతున్నాడేటి?"

చూశాను. వెనక ఉన్నవాడు పసిపిల్లని ఎత్తుకుని ఉన్నాడు. తోడటం లేదని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఫోన్ పెట్టెయ్యలేదు. అటు పక్క టీవీ చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

ఆవిడ పోయారని కబురు వచ్చిన రోజు, నేను తలకి నూనె రాసుకోకుండా, జుట్టుకి గుడ్డ కట్టుకుని బయలుదేరాను. అక్కడ అందరూ అది దుఃఖం అనుకున్నారు. పెట్టె మూసే ముందు ఆవిడ నుదుటి మీద ప్రార్థన నూనె రాశారు. అదే అత్తరు వాసన. ఒకసారి చెయ్యి పట్టుకోవచ్చునా అని వాళ్ళ చెల్లెల్ని అడిగాను. పట్టుకోమంది. ఉతికిన రుమాలు ఒకటి తీసి, ముందు నా చేతులు రెండూ తుడుచుకున్నాను.